రెండు పేజీల మనిషి

ఉద్యోగం కోసం రాసుకునే కాగితం మనిషిని ఎంత చూపిస్తుంది? ఎంత దాస్తుంది? దాచడానికి కారణం ఎవరు?

పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ తయారయ్యే రోజుల్లో ప్రతి హైస్కూల్లోనూ ఒక తంతు జరిగేది. క్లాస్ టీచర్ ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి పుట్టుమచ్చలు చూపించమనేవారు. రెండు కావాలి. మోచేతి మీద ఒకటి, మెడ కింద ఒకటి దొరికితే సరే. దొరకనివాళ్లకు చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పటి దెబ్బ మచ్చ అక్కరకొచ్చేది. ఆ రెండూ ఇంగ్లిషులో ఎస్సెస్సీ మెమో మీదికి ఎక్కేవి. తర్వాత జీవితంలో ఎన్ని సర్టిఫికెట్లు పోగేసినా, మనిషిని అంత దగ్గరగా చూసి రాసిన కాగితం బహుశా అదొక్కటే.

అదే మెమోలో పుట్టినతేదీ ఉంటుంది. అరవై దాటినవాళ్లని అడిగి చూడండి. చాలామందికి జూన్ ఒకటో, జులై ఒకటో వస్తుంది. బడులు తెరిచే రోజుల్లో తండ్రి చెయ్యి పట్టుకొచ్చి నిలబెడితే, హెడ్మాస్టరు గారు పిల్లవాడి ఎత్తు చూసి, ఐదేళ్లు నిండేలా లెక్కగట్టి రిజిస్టర్లో వేసిన తేదీ అది. అమ్మకు మాత్రం ఫలానా తుఫాను వచ్చిన ఏడు, కార్తీకమాసం అని గుర్తు. ఉద్యోగం, ఇంక్రిమెంట్లు, రిటైర్మెంట్, పింఛను అన్నీ హెడ్మాస్టరు గారి తేదీ మీదే నడిచాయి.

కాండక్ట్ సర్టిఫికెట్ సంగతి ఇంకా విచిత్రం. క్లాసంతా తలకిందులు చేసినవాడికీ, మూడేళ్లూ నోరెత్తని పిల్లకీ ఒకటే మాట, ‘శాటిస్‌ఫాక్టరీ’. ఆఫీసులో క్లర్కు అచ్చు ఫారంలో పేరు నింపి ప్రిన్సిపాల్ సంతకానికి పంపిస్తాడు. ఉద్యోగాల దరఖాస్తుకైతే మరో ఫారం ఉండేది. ఈ అభ్యర్థి నాకు ఇన్నేళ్లుగా తెలుసు, సత్ప్రవర్తన కలవాడు, నాకు బంధువు కాడు అని గెజిటెడ్ ఆఫీసరు రాసివ్వాలి. పల్లెటూరి కుర్రాడికి అందుబాటులో ఉండే గెజిటెడ్ ఆఫీసరు ఎవరు? చాలాచోట్ల పశువుల డాక్టరు గారే. ఆయన గేదెకు సూదేసి, చేతులు కడుక్కుని, జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, అప్పుడే మొదటిసారి చూస్తున్న కుర్రాడు తనకు మూడేళ్లుగా తెలుసని సంతకం పెట్టేవారు. మంచివాడు కాబట్టే పెట్టేవారు. పెట్టకపోతే ఆ దరఖాస్తు పోస్టుబాక్సు దాకా వెళ్లదు. సర్టిఫికెట్ల జిరాక్సులకు కూడా ఆ సంతకమే కావాలి. జిరాక్సుల మీద అభ్యర్థి సొంత సంతకం చాలని 2014 ప్రాంతంలో కేంద్రం గట్టిగా చెప్పేదాకా, ఈ పచ్చసిరా కోసం తిరగని నిరుద్యోగి లేడు.

ఏ కాగితమైనా అడిగినవాడి ప్రశ్నకు జవాబుగా పుడుతుంది. ప్రశ్న సరిగ్గా ఉంటే జవాబులో మనిషి కనబడతాడు. ప్రశ్న ఉత్త లాంఛనమైతే జవాబూ లాంఛనమే. ప్రశ్నే అన్యాయంగా ఉంటే, అక్కడ అబద్ధం మొదలవుతుంది. రెజ్యూమెల్ని ఈ చూపుతో చదవడం అలవాటైతే, అబద్ధం దూరిన ప్రతిచోటా ఎవరో మూసిన గేటు ఒకటి కనిపిస్తుంది.

సీనియర్ వర్డ్ ఫైలు

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ పిల్లల రెజ్యూమె ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. నిరుడు ప్లేస్‌మెంట్ కొట్టిన సీనియర్ వాట్సాప్‌లో తన వర్డ్ ఫైలు పంపిస్తాడు. పేరు, ఫోన్ నంబరు, మార్కులు మారతాయి. పైనుండే ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ మారదు. అది ఆ సీనియర్‌కి అతని సీనియర్ ఇచ్చింది. హాబీల దగ్గర క్రికెట్, పాటలు వినడం. బలాల దగ్గర ‘టీమ్ ప్లేయర్’, ‘క్విక్ లెర్నర్’. అడుగున పైన రాసినవన్నీ నిజాలేనని ఒక డిక్లరేషన్, దానికింద ఊరు, తేదీ. తొందరలో సీనియర్ తండ్రి పేరు మార్చడం మర్చిపోయిన రెజ్యూమెలు కూడా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ల బల్ల మీదికి వస్తుంటాయి.

దీన్ని పిల్లల బద్ధకమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ రెండు పేజీల్లో నిజంగా చదివేది ఒక్క మూలనే అని వాళ్లకు తెలుసు. పదిలో ఎంత, ఇంటర్లో ఎంత, బీటెక్‌లో ఎంత అనే చిన్న పట్టీ అది. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీల నోటీసులో మొదటి లైను ఏళ్ల తరబడి ఒకటే. మూడింట్లోనూ అరవై శాతం దాటాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఇంటర్ సెకండియర్ పరీక్షల ముందు టైఫాయిడ్ వచ్చి యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయిన అమ్మాయి రాత పరీక్ష హాలు గుమ్మం కూడా ఎక్కలేదు. పదిహేనేళ్ల వయసులో సోషల్ పేపర్లో పోయిన మార్కులు, ఇరవై రెండేళ్లప్పుడు జావా ఉద్యోగానికి అడ్డొస్తాయి. సోషల్‌కీ జావాకీ ఏమిటి సంబంధమంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. వేలమంది దరఖాస్తు చేస్తారు, అందరికీ పరీక్ష పెట్టలేరు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి. గీత గీసేవాడి వీలు కోసం పుట్టిన అంకె అది. పోనుపోను అదే ప్రతిభకు కొలతగా చలామణి అయిపోయింది.

పైగా ఇప్పుడు చాలాచోట్ల మొదట చదివేది మనిషి కాదు. సాఫ్ట్‌వేర్ కీవర్డ్‌లు వెతుకుతుంది. అందుకే మన కుర్రాళ్లు ఉద్యోగ ప్రకటనలో ఉన్న మాటలన్నీ రెజ్యూమెలోకి తెచ్చి పోస్తారు. జాబ్ పోర్టల్లో ప్రొఫైల్ పైకి రావాలని ప్రతి ఉదయం ఒక కామా మార్చి అప్‌డేట్ కొడతారు. చాట్‌జీపీటీ వచ్చాక భాష కూడా ఏకమైంది. కరీంనగర్ అబ్బాయి, కాకినాడ అమ్మాయి, ఇద్దరి కవరింగ్ లెటర్లూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి.

మైత్రీవనం సందుల్లో

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల నిలబడితే తలెత్తి చూడ్డానికి ఆకాశం కంటే ఫ్లెక్సీలే ఎక్కువ. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్. కింద ఫ్యాకల్టీ పేరు, ‘రియల్ టైమ్ ఎక్స్‌పర్ట్’ అనే బిరుదు, బ్యాచ్ మొదలయ్యే తేదీ. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి ఎస్సార్ నగర్ హాస్టళ్ల నుంచి నడిచొచ్చే పిల్లలు, జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్. నేర్చుకోవాలన్న ఆకలి విషయంలో ఈ సందుల్ని మించిన విశ్వవిద్యాలయం నాకు కనబడలేదు. నాలుగేళ్ల బీటెక్ ఇవ్వలేని పనితనాన్ని నాలుగు నెలల్లో ఇచ్చిన మాస్టార్లు ఇక్కడున్నారు. అప్పు చేసి ఫీజు కట్టి, రోజుకు పద్నాలుగు గంటలు కూర్చుని పట్టుబట్టి నేర్చుకున్న పిల్లలున్నారు.

అయితే కోర్సు అయిపోయాక రూమ్మేట్లు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఏరా, ఫ్రెషర్‌గానే వెళ్తావా, ఎక్స్‌పీరియన్స్ పెడతావా?”

పెట్టడం ఎలాగో అక్కడ అందరికీ తెలుసు. ఎక్కడో రెండు గదుల్లో ఒక కంపెనీ ఉంటుంది. లేదా వెబ్‌సైట్‌లో మాత్రమే ఉంటుంది. డబ్బు కడితే ఆఫర్ లెటర్, మూడేళ్ల పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ వస్తాయి. ఎవరైనా ఫోన్ చేస్తే ‘అవునండీ, మా దగ్గరే చేశాడు’ అని చెప్పే హెచ్ఆర్ నంబరు కూడా ఆ ప్యాకేజీలోదే. 2014లో ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఈపీఎఫ్‌వో, పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఇవ్వడం మొదలుపెట్టాక, ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో పీఎఫ్ ఖాతాలో కనబడిపోతోంది. కంపెనీలు అదే అడుగుతున్నాయి. దాంతో ‘పీఎఫ్‌తో సహా పెట్టిస్తాం’ అనే కొత్త రేటు పుట్టింది.

కాగితాలు కొనడం ఒక ఎత్తు, వాటిని మోయడం ఒక ఎత్తు. ఆ కుర్రాడు తను ఎన్నడూ చేయని ప్రాజెక్టును కంఠతా పట్టాలి. ఇన్సూరెన్స్ డొమైన్, అమెరికా క్లయింట్, టీమ్‌లో తొమ్మిదిమంది. మేనేజరు పేరేంటి? రోజూ స్టాండప్ మీటింగ్ ఎన్నింటికి? ప్రొడక్షన్‌లో ఒక రాత్రి ఏదో పగిలిపోతే ఎవరు బాగుచేశారు? కొందరైతే తాము కాక వేరేవాళ్లు ఇంటర్వ్యూ ఇచ్చే ప్రాక్సీ దాకా వెళ్తారు. సముద్రం దాటి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ‘మార్కెటింగ్‌లో ఉన్నాను’, అంటే కన్సల్టెన్సీ ద్వారా ఉద్యోగం వెతుకుతున్నాను, అని చెప్పుకునే తెలుగు కుర్రాళ్లలో కొందరి ప్రొఫైళ్లకూ ఇలాగే ఏళ్లు పెరుగుతాయి.

ఇది మోసమే. ఫోర్జరీ అవుతుంది, కేసు అవుతుంది, దొరికితే ఉద్యోగం పోయి పేరు చెడుతుంది. నిజంగా మూడేళ్లు కష్టపడినవాడి పక్కన దొంగ మూడేళ్లవాడు కూర్చుంటే నష్టపోయేది నిజాయితీపరుడే. అమీర్‌పేట అనగానే ముఖం చిట్లించే ఇంటర్వ్యూయర్ల వల్ల, అక్కడ చక్కగా నేర్చుకుని ఫ్రెషర్‌గానే తిరుగుతున్నవాడికి దెబ్బ. వీటిలో దేన్నీ తక్కువ చేసి చెప్పను.

కానీ ఆ అబద్ధం ఎక్కడ పడిందో చూడండి. మార్కుల మీద పడలేదు, నైపుణ్యం మీద కూడా ఎక్కువగా పడలేదు. ‘కనీసం మూడేళ్ల అనుభవం’ అనే ఒక్క లైను మీద పడింది. అనుభవం ఉంటేనే పని, పని ఉంటేనే అనుభవం. ఈ వలయాన్ని కట్టింది కుర్రాళ్లు కాదు. దొంగ పేస్లిప్పులతో చేరినవాళ్లలో కొందరు రాత్రిళ్లు మేలుకుని నేర్చుకుని ఆ పనిని ఏళ్ల తరబడి శుభ్రంగా చేస్తున్నారంటే, ఆ పనికి మూడేళ్లు అవసరం లేదన్నమాట. మూడు నెలలు నేర్పే ఖర్చు ఎవరు పెట్టాలన్నది అసలు తగాదా. కంపెనీ పెట్టనంది. కాలేజీ పెట్టలేదు. తండ్రి ఎకరం తాకట్టు పెట్టి కట్టాడు.

దొరక్కుండా నెట్టుకొచ్చినవాళ్లకు కూడా నిద్ర ఉండదు. ఇప్పుడు నిజంగా ఎనిమిదేళ్ల అనుభవం ఉంది, టీమ్‌ను నడుపుతున్నాడు. ఐనా రెజ్యూమెలో మొదటి మూడేళ్లూ ఆ రెండు గదుల కంపెనీవే. ఉద్యోగం మారిన ప్రతిసారీ పాత ఉద్యోగాలు తనిఖీ చేసే బీజీవీ మెయిల్ వచ్చేదాకా గుండె దడ. నిజం అనుభవాన్ని దొంగ అనుభవం నుంచి విడదీసి చూపించే దారి అతనికి లేదు.

పేరే చెప్పేస్తుంది

అభ్యర్థి రాయకపోయినా బయటపడే విషయాలున్నాయి. 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీల 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. పక్కపక్కన పెట్టి పోల్చినవాటిలో చదువులు సమానం, అర్హతలు సమానం. మారింది పేరొక్కటే. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 అని తేలింది. ఆ దరఖాస్తుల్లో ఎవరూ కులం రాయలేదు, మతం రాయలేదు.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పేరు చివర ఇంకొకటి ఉంటుంది, రెండూ మాట్లాడతాయి. ఇంటర్వ్యూలో నీళ్లగ్లాసు ముందుకు జరుపుతూ “ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరు?” అని ఆప్యాయంగానే అడుగుతారు. ఎందుకు అడుగుతున్నారో ఇద్దరికీ తెలుసు.

డిగ్రీలు, సర్టిఫికెట్లు ఉత్త కాగితాలని తీసిపారేసే మాటలతో నాకు పేచీ ఇక్కడే. ఆ మాట ఎక్కువగా వాటి అవసరం లేనివాళ్ల నోటి నుంచే వస్తుంది. మేనమామ డైరెక్టరుగా ఉన్నవాడికి మెమో ఎందుకు? ఊళ్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకు, ఎవరూ తెలియని నగరంలో తన తరఫున మాట్లాడేది ఆ కాగితమే. దాన్ని చింపేస్తే మిగిలేది సిఫారసు. సిఫారసు ఎవరి గుమ్మం తొక్కుతుందో చెప్పనక్కర్లేదు.

ఖాళీ ఏళ్లు

రెజ్యూమె భయపడేది ఖాళీకి. చదువు మధ్యలో రెండేళ్లు ఆగితే చాలాచోట్ల ‘గ్యాప్ సర్టిఫికెట్’ అడుగుతారు. స్టాంపు పేపరు మీద టైపు చేయించి నోటరీ దగ్గర సంతకం చేయాలి. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నేను ఏ కాలేజీలోనూ చేరలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు, నా మీద ఏ కేసూ లేదు అని దాని సారాంశం. ఏం చేయలేదో ప్రమాణం చేయించుకునే ఆ కాగితంలో, ఏం చేశారో రాయడానికి చోటు ఉండదు.

ఆ రెండేళ్లలో ఒక కూతురు తండ్రిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లి ఉంటుంది. తెల్లవారుజామున మొదటి షిఫ్టు దొరకాలని ఐదింటికే బస్సెక్కి ఉంటుంది. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఏ కౌంటర్లో ఎవరిని అడగాలో కంఠతా వచ్చి ఉంటుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ చూడకూడదని, ఆ చేత్తో బరువు ఎత్తనివ్వకూడదని, కూరగాయల్ని నీళ్లలో ఉడికించి వార్చి వండాలని, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లో లెక్కపెట్టి ఇవ్వాలని నేర్చుకుని ఉంటుంది. ఇవన్నీ ‘టైమ్ మేనేజ్‌మెంట్’, ‘స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్’ అని రాసుకోమని సలహా ఇచ్చే కెరీర్ కోచ్‌లున్నారు. ఆ సలహా నాకు మింగుడుపడదు. నాన్నను చూసుకోవడానికి ఆ పేరు చాలు. దానికి కంపెనీ భాష తొడిగితేనే విలువ వస్తుందనుకుంటే, అడిగేవాడి తప్పుకి మనం వంతపాడినట్టే.

పిల్లలు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉండి తిరిగి రావాలనుకునే ఆడవాళ్లది ఇదే బాధ. “ఈ నాలుగేళ్లూ ఏం చేశారు?” అనే ప్రశ్న వాళ్ల భర్తల్ని ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు.

కంపెనీల రెజ్యూమె

అభ్యర్థుల మెమోల్ని థర్డ్ పార్టీ ఏజెన్సీలతో తనిఖీ చేయించే కంపెనీలకు కూడా రెజ్యూమెలుంటాయి. 2008లో సత్యం కంప్యూటర్స్ కాగితాలు ఎంత గొప్పగా ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టింగ్, ప్రపంచంలో పేరున్న ఆడిట్ సంస్థ సంతకం, కార్పొరేట్ గవర్నెన్స్‌లో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో అన్నీ కూలాయి. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ లేఖ ఒప్పుకుంది.

ఆ తర్వాత కొన్ని నెలలు హైదరాబాద్‌లో ‘సత్యం’ అనే మాట రెజ్యూమెలో ఉన్నవాళ్లు ఎదుర్కొన్న చూపులు ఆ తరం మర్చిపోదు. వాళ్లు రాసిన కోడ్ నిజం, చేసిన రాత్రి షిఫ్టులు నిజం, క్లయింట్లు నిజం. పై అంతస్తులో జరిగిన అబద్ధానికి కింది అంతస్తులో నిజం తలవంచుకుంది. ఆ ఏప్రిల్లో టెక్ మహీంద్రా సత్యంను గెలుచుకున్నాక కుదుటపడ్డారు.

ఎల్ఎంఎస్ అనే మూడక్షరాలు

కాగితం ఎంత దాచగలదో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కున్నారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపయింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్.

ఆ మూడక్షరాలు ఆయన్ని చాలా దూరం వెంటాడాయి. మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకున్నారు. హార్వర్డ్ చేరాక కూడా ఆ డిగ్రీతో డాక్టరుగా పని ఇవ్వలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు తీశారు. అదే మనిషి 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతిగా దాన్ని నేటికీ నేర్చుకుంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీల మీద పని కూడా ఆ ప్రయోగశాలలోదే. ఐనా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడి ఎనిమిదేళ్లూ చూడండి. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను కొంతకాలమైనా వెనక్కి తిప్పగలిగారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ క్యాన్సర్ వార్డులోనూ, కీళ్లవాతం రోగి మందులపెట్టెలోనూ ఉంది. ఆయన సారథ్యంలోనే ఆరియోమైసిన్ వచ్చింది. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే. బోదకాలు బాగా ఎరిగిన గోదావరి డెల్టా బిడ్డ దానికి మందు కనిపెట్టే బృందాన్ని నడిపారు. 1948లో ఆయన పోయారు. మన దేశం తపాలా బిళ్ల వేసింది శతజయంతి ఏడు, 1995లో.

మద్రాసు మెడికల్ సర్వీసుకు ఆ కాగితంలో కనబడింది ఎల్ఎంఎస్ ఒక్కటే. కాగితం అబద్ధం చెప్పలేదు. ఎల్ఎంఎస్ నిజమే. దాని వెనక ఖద్దరు గౌను ఉందని మాత్రం అందులో రాయలేదు.

అడిగేవాళ్ల వంతు

ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీని ఎవరూ సర్టిఫికెట్ అడగరు. ఆయన కట్టిన ఇల్లు చూస్తారు. వానాకాలం స్లాబు కారిందా, అడ్వాన్సు తీసుకుని మధ్యలో వేరే సైటుకి పోయాడా అని ఆ ఇంటివాళ్లని అడుగుతారు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. చెయ్యి తిరిగిన మేస్త్రీకి పెద్ద కంపెనీ సైటులోనో గల్ఫ్‌లోనో అది పనికొస్తే మంచిదే. కానీ ముందు పని చూసి, తర్వాత కాగితం రాశారన్న వరస ముఖ్యం. చదువుకున్నవాళ్ల ఉద్యోగాల్లో ఆ వరస తిరగబడింది.

కంపెనీలు చేయగలిగినవి పెద్ద పనులేం కావు. ‘మూడేళ్లు’ అనే చోట, చేరిన మొదటి మూడు నెలల్లో ఏ పని చేయాలో రాయొచ్చు. వారంపాటు జీతమిచ్చి చిన్న పని చేయించి చూడొచ్చు. మొదటి వడపోతలో పేరు, తండ్రి పేరు కనబడకుండా తీసేయొచ్చు. ఖాళీ ఏళ్ల గురించి అడగకుండా ఉండొచ్చు. వద్దనుకున్నవాళ్లకు ఎందుకు వద్దనుకున్నారో రెండు వాక్యాలు రాయొచ్చు. ఆర్నెల్లు హాస్టల్లో ఉండి మెయిల్ కోసం చూసిన పిల్లకు ఆ రెండు వాక్యాల విలువ ఏమిటో, అవి ఎన్నడూ రానివాళ్లకు తెలుసు.

అన్నిటికంటే ముందు, ‘మూడింట్లోనూ అరవై’ అనే లైను తీసేయాలి. ఈ ఏడు క్యాంపస్‌కు కూర్చునే పిల్లల పదో తరగతి మార్కులు ఐదారేళ్ల కిందటే అచ్చయిపోయాయి. వాళ్లు ఎంత కష్టపడినా ఆ అంకెను మార్చుకోలేరు. నోటీసు టైపు చేసేవాళ్లు దాన్ని ఈ సోమవారమే తీసేయగలరు.